ప్రవాహమును పట్టు పాత్ర

నేడు నేను ముచ్చటింపనున్నది లోకమున నెన్నడును లేని యొక పరికరమును గూర్చి. దాని పేరు ఫ్లక్స్ కెపాసిటర్. 1985లో విడుదలయైన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' అను అమెరికా చలనచిత్రమున కాలయంత్రమునకు ప్రాణమిదియే. బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు 1955 నవంబరు 5వ తేదీన మరుగుదొడ్డిపై నిలిచి గడియారము తగిలింపబోయి, జారిపడి, తలకు దెబ్బ తగులగా దీని రూపము మనస్సున మెరసినదట! కారులో నమర్చిన యీ యంగము పనిచేయుటకు 121 కోట్ల వాట్ల విద్యుత్తు కావలెను; కారు గంటకు 88 మైళ్ళ వేగము నందుకొనవలెను.

పేరు పెట్టినవారి యుద్దేశము నటుంచి, పేరులోని యర్థమును చూతము. ఫ్లక్స్ అనగా ప్రవాహము. న్యూటను గణితమునను, అయస్కాంతశాస్త్రమునను ఈ మాటకు చోటు కలదు. కాని తత్త్వశాస్త్రమున నిది హెరాక్లిటసు సొత్తు. సర్వము ప్రవహించుచున్నదనియు, ఒకే నదిలో రెండుమారులు దిగజాలమనియు ఈ గ్రీకు తత్త్వజ్ఞుడు చెప్పెనని ప్లేటో వ్రాసెను. మన బౌద్ధుల క్షణికవాదము దీనికి దగ్గరి చుట్టము. ఇక కెపాసిటరో, విద్యుత్తును నిలువచేయు సాధనము. మీరు వినుచున్న రేడియోలోను అట్టివి కలవు. పూర్వము కండెన్సరు లనెడివారు. కావున ఫ్లక్స్ కెపాసిటర్ అనగా ప్రవాహమును పట్టియుంచు పాత్ర! 'ఏడ్చు తత్త్వజ్ఞు'డని పేరుపడిన హెరాక్లిటసు సైతము దీనికి నవ్వియుండును.

కథలో నిలువయైన దేమి? మార్టీ యను పదునేడేండ్ల బాలుడు 1955నకు పోయి, తన తలిదండ్రుల తొలి పరిచయమునకే యడ్డుపడును. అంతట అతని జేబులోని ఛాయాచిత్రమున అన్నయు, అక్కయు క్రమముగా మాసిపోవుదురు. తుదకు పిరికివాడైన తండ్రి ధైర్యము తెచ్చుకొని దుర్మార్గుని ఒక్క గ్రుద్దుతో పడగొట్టును, వివాహము నిలుచును. మార్టీ 1985నకు తిరిగి వచ్చుసరికి తండ్రి ఆత్మగౌరవముగల గ్రంథకర్తయై యుండును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు.

నాకు మాత్రము ఆ పాత తండ్రి స్మరణకు వచ్చును. అధికారికి బెదరుచు, భోజనపుబల్లయొద్ద టెలివిజను చూచి వెఱ్ఱినవ్వు నవ్వుచు, ఈ బాలుని పెంచినవా డతడే కదా! అతడు మరణింపలేదు, ఉండనే లేదాయెను. అతని నెఱిగినవా డిక లోకమున నీ కుమారు డొక్కడే. ఆ కుమారుడు క్రొత్త బండిని చూచి మురియుచున్నాడు.