నడుమ గోడ గల స్వేదన స్తంభం



మీరు బాగుచేయించిన ప్రయోగశాలలో స్వేదనం చేయిస్తుండగా ఒక బాలిక, "ఈ వేడంతా నీళ్లపాలే కదా, టీచర్!" అన్నది. కండెన్సరు నుండి వచ్చే నీరు వెచ్చబడటం గమనించిందామె. పరిశ్రమల చింత కూడా అదే.

బెంజీన్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద, టోలీన్ 111 వద్ద, జైలీన్లు 140కి అటూ ఇటూ మరుగుతాయి. వీటిని వేరుచేయడానికి సాధారణంగా రెండు స్తంభాలు, రెండు మరుగుపాత్రలు కావాలి. మొదటి స్తంభం నడుమ దండిగా పోగైన టోలీన్, అడుగుకు దిగేసరికి తిరిగి జైలీన్లతో కలిసిపోతుంది. వేరుచేసిన శ్రమ వృథా! ఒకే స్తంభంలో నిలువు గోడ కట్టి, ఒకవైపు మిశ్రమాన్ని పంపి, రెండవవైపు టోలీన్‌ను తీసుకుంటే మరుగుపాత్ర ఒక్కటే చాలు. సుమారు 30 శాతం శక్తి ఆదా కాగలదు.

అమెరికాలో రైట్ దీనికి 1949లోనే పేటెంటు పొందారు. సోవియట్ శాస్త్రజ్ఞుడు పెట్ల్యూక్ బృందం 1965లో సిద్ధాంతాన్ని వివరించింది. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ అట్టి స్తంభాన్ని నడిపింది మాత్రం 1985లో. అదుపు తప్పుతుందన్న భయం ఈ జాప్యానికొక కారణం. గోడకు పైన ద్రవాన్ని ఎటు ఎంత పంపాలో మనం నిర్ణయించవచ్చు. గోడ కింద ఆవిరి మాత్రం ఎదురైన అడ్డును బట్టి తానే చీలుతుంది. ఆ చీలిక కుదరకపోతే ఆదా హరించుకుపోతుంది.

బొమ్మ గీసి చూపగా, "వేడి గోడను దాటదా, టీచర్?" అని మళ్లీ అడిగింది. దాటుతుంది. దానినీ లెక్కలో చేర్చుకోవలసిందే.