పెన్‌డ్రైవ్‌తో లినక్స్ పరీక్ష
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 పెక్కు పాత యంత్రములపై నడువదు. మన గ్రంథాలయమునందలి రెండు కంప్యూటర్లును ఆ కోవకు చెందినవే. వానిని పాత సామానుల వర్తకునికి తూచి యిచ్చుటకు ముందు ఒక పరీక్ష చేయవలెనని నా మనవి.

హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ నేడు డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ మొదలగు పెక్కు రూపములలో లభించుచున్నది. వెల లేదు, ప్రతి తీసి పొరుగువానికి ఇచ్చుటకు ఆక్షేపణ లేదు. పుస్తకము చేతులు మారుట యెరిగిన మనకిది వింత గాదు. దీనిని కంప్యూటరులో స్థాపింపకయే పెన్‌డ్రైవ్ నుండి నడిపి చూడవచ్చును. పఠన మందిరమున కూర్చుండి పుస్తకము తిరుగవేసి, నచ్చిననే యింటికి గొనిపోవుట వంటిది.

ఇందుకు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలును. అందున్నదంతయు చెరిగిపోవును గనుక పెండ్లి ఫోటోలున్నదానిని తేవలదు. లినక్స్ మింట్ వారి సొంత వెబ్‌సైటు నుండియే ఐఎస్ఓ ఫైలును దింపుకొనవలెను; అది సుమారు 3 జీబీ యుండును. దానికొక గుర్తు సంఖ్యను వారచ్చటనే ప్రకటింతురు. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశముతో మన ఫైలుకు అట్టి సంఖ్యను రాబట్టి, రెంటిని అక్షరమక్షరము సరిచూడవలెను. సిగ్నలు తెగుచు అతుకుచు వచ్చు మన యూరిలో ఈ పని మానరాదు.

పలువురు తడబడునది ఇక్కడనే. ఫైలును పెన్‌డ్రైవ్‌లోనికి కాపీ చేసినంతనే యంత్రము దానితో మేల్కొనదు. విత్తనపు సంచిని గట్టుపై నుంచిన నాటినట్లగునా? యంత్రము మేల్కొనగనే నియతమైన తావున ప్రారంభపు ప్రోగ్రామును వెదకును. ఐఎస్ఓలో మూటగట్టియున్న దానిని విప్పి ఆ తావున నుంచు పని రూఫస్ అను ఉచిత సాధనము చేయును. వెంటాయ్ అను వేరొకటి కలదు. దానినొక్కసారి పెన్‌డ్రైవ్‌పై నెక్కించిన పిమ్మట, చోటున్నన్ని ఐఎస్ఓలను మామూలుగా కాపీ చేసికొని, పట్టిక నుండి కోరినదానిని ఎన్నుకొనవచ్చును. గ్రంథాలయమునకు నా దృష్టిలో ఇదియే మేలు.

పిమ్మట పెన్‌డ్రైవ్‌ను గుచ్చి, యంత్రమును ఆపి మరల వెలిగించుచు, డెల్, లెనోవోలలో సాధారణముగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 మీటను నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎన్నుకొనవలెను. తెర రాగానే వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో, తెలుగు లిపి సరిగా కానవచ్చుచున్నదో లేదో చూడుడు. వేగమును మాత్రము అప్పుడే తూచవలదు. పెన్‌డ్రైవ్ నుండి నడచునది కొంత మందముగనే యుండును. అందు వ్రాసినది మామూలుగా యంత్రమును ఆపినంతనే పోవును.

తెరపై ‘ఇన్‌స్టాల్’ అను బొమ్మ యొకటి కనబడును. దానిజోలికి పోక, లోపలి డిస్కును మీరుగా తెరచి మార్పనంతవరకు పాత విండోస్ చెక్కుచెదరదు. స్థాపించునపుడు డిస్కునంతయు చెరుపు మార్గమును ఎన్నుకొన్నచో చందాదారుల పట్టికయు, పుస్తకముల జాబితాయు దానితోనే పోవును. ఆ రెంటిని ముందుగా వేరొక డ్రైవులోనికి ఎక్కించి, తెరచి చూచుకొనిన పిమ్మటనే కార్యదర్శిగారు ఆ బొమ్మను నొక్కవలెను.