తీరగ్రామముల నడుమ వేసవి నడక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



వృత్తిచేత నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. గురుముఖమున కావ్యపాఠము చెప్పించుకొను భాగ్యము నాకు అబ్బలేదు. ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువును ప్రక్కనుంచుకొని, ఒక్కొక్క పద్యమునకు ఒక్కొక్క సాయంకాలము వెచ్చించి చదువుకొన్నవాడను. అట్టి నన్ను ఈ సభలో మాటాడుమని పెద్దలు కోరినందులకు కృతజ్ఞుడను. పండితోపన్యాసము నాకు చేతగాదు. వేసవి సెలవులలో మన బాలురు సముద్రతీరమున కాలినడకన తిరుగుటకు పోవుచుందురు. ఆ నడకను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

మన ఊరినుండి దక్షిణముగా అచ్యుతాపురము మీదుగా పోయినచో పూడిమడక చేరుదుము. అచ్చటినుండి ఈశాన్యదిశగా తీరము వెంబడి నడచినచో తంతడి, ఆపైన ముత్యాలమ్మపాలెము వచ్చును. ఒక ప్రక్క సముద్రము, మఱియొక ప్రక్క సరుగుడు తోపులు, తాటిచెట్లు, నడుమ ఇసుక. చూచుటకు ఇంతకంటె రమ్యమైన దారి ఈ చుట్టుపట్ల లేదు. మే నెల మధ్యాహ్నమున ఇంతకంటె కఠినమైన దారియు లేదు.

గత సంవత్సరము సెలవులలో నేనును, నా మేనల్లుళ్లిద్దరును ఈ దారిని నడచితిమి. తెల్లవారుజామున పూడిమడకలో బయలుదేరునప్పటికి తడి ఇసుక పాదములకు చల్లగా నుండెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. కావున పడవలన్నియు ఒడ్డున బారులుతీరి యుండెను. వాని నీడలలో మత్స్యకారులు వలలు బాగుచేసికొనుచుండిరి. తొమ్మిది గంటలకు పొడి ఇసుక కాగినది. పదకొండు గంటలకు పడమటి గాలి హెచ్చెను. సముద్రము ప్రక్కనే యున్నను దాని చల్లదనము మాకు అందలేదు. అంతవరకు ముందు పరుగులిడుచుండిన చిన్నవాడు మాటాడుట మానెను. కొంతసేపటికి తల తిరుగుచున్నదని చెప్పి కూలబడెను.

ఒక పాకముందు వల చిక్కులు తీయుచున్న ముసలమ్మ మమ్ము చూచి, “ఈ ఎండలో ఎక్కడికెల్తారు బాబూ? ఆ గుంటడ్ని నీడకి తెండి” అని కేకవేసెను. చాపవేసి వానిని పరుండబెట్టినది. తడిగుడ్డతో ఒడలు తుడిచి విసనకఱ్ఱతో విసరినది. ఉప్పువేసిన గంజిని కొంచెము కొంచెముగా త్రాగించినది. గంట గడచినపిదప వాడు లేచి కూర్చుండెను. నేను డబ్బు తీయబోగా, “గంజికి డబ్బులేటి బాబూ” అని ఆమె నవ్వెను. నాలుగు గంటలు దాటువరకు మమ్ము కదలనీయలేదు.

ఆమె అక్షరములు నేర్చినదో లేదో నేనెఱుగను. కాని ఆమె చేసిన ప్రతి పనికిని శాస్త్రము కలదు. చెమట ఆరినప్పుడే ఒడలు చల్లబడును. తీరమున గాలిలో తేమ మిక్కుటము; చెమట కారునే కాని ఆరదు. కావుననే భారత వాతావరణ శాఖవారు మైదానములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరినగాని వడగాడ్పు మాట తలపెట్టరు. తీరప్రాంతమున 37 డిగ్రీలు చేరి, అది సాధారణముకంటె నాలుగున్నర డిగ్రీలు మించినచో వడగాడ్పుగా గణింతురు. ప్రొద్దెక్కి నేల వేడెక్కినపిదప సముద్రపు గాలి లోనికి వీచుట వాడుక. పడమటి పొడిగాలి బలముగానున్న దినమున అది ఆలస్యమగును, లేదా రానేరాదు. 2015 మే నెలనాటి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి.

లెక్కలవాని భాషలో చెప్పవలెనన్న, ఎండలో నడచువాని ఒంటనుండి నీరును ఉప్పును రెండును ఖర్చగుచుండును. నీటిని మాత్రమే జమకట్టినచో పద్దు సరిపడదు. ఉప్పువేసిన గంజి, ఉప్పువేసిన మజ్జిగ అందులకే మేలు. తల తిరుగుట, కండరములు పట్టుట, వాంతి వచ్చునట్లుండుట తొలి హెచ్చరికలు. మాట తడబడి, తెలివితప్పి, ఒడలు నిప్పువలె కాలినచో అది వడదెబ్బ. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. ఒడలు తడిపి విసరుచు 108కి కబురు చేయవలెను. ఎండకు తాళలేక సముద్రమున దుముకుటయు తగదు. 2022 జూలై 29న పూడిమడక ప్రాంతమున స్నానమునకు దిగిన విద్యార్థులు పలువురు అలలలో కొట్టుకొనిపోయి మరణించిన దుఃఖమును మనము మరువజాలము.

ఇక నేను చదివిన కావ్యముల మాట. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతోనే ఆరంభించెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ద్వితీయాశ్వాసమున గ్రీష్మమును వర్ణించుచు చలిపందిళ్లను మరువలేదు. ఆయన అంతఃపురమున కూర్చుండి ఎండను ఊహించినవాడు కాడు; కళింగ దండయాత్రలో ఈ సీమకు వచ్చి సింహాచలమున శాసనములు వేయించినవాడు. అంతకు ఎంతయో పూర్వము, క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున, అశోకుడు బాటల వెంబడి నూతులు త్రవ్వించిన సంగతిని, చెట్లు నాటించిన సంగతిని ప్రకటించెను. ఆ శాసనము మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని కలదు. రాజునకైనను, గంజిపోసిన ముసలమ్మకైనను ధర్మమొక్కటియే: బాటసారికి నీడ, నీరు.

ఆ నీడ నేడు తరిగినది. మన ఊరి చెంత జాతీయ రహదారిని విస్తరించినపుడు పాత చెట్లు పోయినవి. 2014 అక్టోబరు 12న విశాఖ తీరమును దాటిన హుద్‌హుద్ తుపాను మిగిలినవానిలో అనేకములను కూల్చినది. మోటారు వాహనములలో పోవువారికి ఈ లోటు తెలియదు. నడచువానికి ప్రతి ఫర్లాంగునను తెలియును.

కావున ఈ సభకు నా విన్నపములు రెండు. మొదటిది: ప్రతి వేసవిలోను ఈ గ్రంథాలయపు గుమ్మమున ఒక చలివేంద్రము నెలకొల్పవలెను. చదువరి కానివాడును దాహము తీర్చుకొనుటకు మెట్టెక్కును. ఎక్కినవాడు ఒక పత్రికయైన తిరుగవేయకపోడు. రెండవది: ఇచ్చటినుండి పూడిమడక వరకును, అచ్చటినుండి ముత్యాలమ్మపాలెము వరకును గల నీడచెట్లను, మంచినీటి నూతులను, విశ్రమింపదగిన తావులను ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. సెలవులలో నడకకు పోవు బాలురు దానిని చూచుకొని పోవుదురు. తిరిగివచ్చి, పోయిన చెట్టును కొట్టివేసి, నాటిన మొక్కను చేర్తురు. పుస్తకమును నేను తెచ్చితిని. గీతలు గీచి, అంకెలు వేసితిని. మొదటి పద్దు ఆ పాకదే. రెండవ పద్దు మీలో ఎవరైనను చెప్పుడు, వ్రాసికొనెదను.