టైల్స్ కింద ఏమున్నది?

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగములు: లూకా 6:46-49, మత్తయి 5:23, 24



మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే వాడ. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీలో చాలమందికి తెలుసు. మా నాయన గుంట మగ్గం మీద నేసినవాడు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దింపుకొని కూర్చుంటే గాని ఆ మగ్గం నడువదు. నాయన ప్రభువునందు నిద్రించిన తరువాత మా అన్న నన్నడుగకుండా ఆ మగ్గం అమ్మివేశాడు. నేను నోరు విప్పి అడుగలేదు. మాటలు మాత్రం తగ్గించుకున్నాను. గుంట మీద చెక్కలు పరచి ఊరుకున్నాము.

మూడేండ్లకు ఆ గదిలో టైల్స్ వేయించాలనుకున్నాను. మేస్త్రీ చూచి, "చెక్కలు తీసి, గుంట నింపి, దిమ్మిస కొట్టాలె సార్" అన్నాడు. "క్రిస్మస్ దగ్గర పడ్డది, చెక్కలు గట్టిగానే ఉన్నయి, పైన సిమెంటు పోసి వేసెయ్యి" అన్నాను. పండుగకు వచ్చినవారందరు నేల అద్దంలా ఉందన్నారు. వానకాలం వచ్చేసరికి కాలు పెడితే డొల్ల చప్పుడు. తరువాత పగులు వచ్చింది, సరిగ్గా గుంట ఉన్నంత మేర!

ఎందుకు? చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, బరువు పడితే వంగుతుంది. టైల్‌కు వంగడం తెలియదు. పగిలిపోతుంది.

అయితే చెక్క మీద టైల్స్ వేయనే కూడదా? వేయవచ్చు. అమెరికాలో మన పిల్లలుండే ఇండ్లలో చాలావాటికి నేల చెక్కదే. అక్కడ కింది దూలాలు ఊగకుండా బలపరుస్తారు, పుచ్చిన పలక తీసివేస్తారు, కదిలేదానిని స్క్రూలతో బిగిస్తారు, పైన సిమెంటు బోర్డు పరచి అప్పుడు టైల్ అతికిస్తారు. తప్పు చెక్కది కాదు ప్రియులారా, సిద్ధపాటు లేకపోవుటే తప్పు.

మేస్త్రీ మళ్ళీ వచ్చి అంతా ఊడదీశాడు. చెక్కలకు చెదలు! ఈసారి మొరం ఒకేసారి పోయలేదు. కొంచెం పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టి, మళ్ళీ కొంచెం. పైన కాంక్రీటు వేసి, వారం రోజులు నీళ్ళు పట్టి, అప్పుడు టైల్స్.

ఆ దిమ్మిస దెబ్బలు వింటూ గడపలో కూర్చున్న నాకు ప్రభువు మాట జ్ఞాపకమొచ్చింది. సహోదరునికి నీ మీద ఏమైన ఉన్నదని తలంపునకు వస్తే, కానుకను అక్కడే విడిచి, మొదట వెళ్ళి సమాధానపడుమన్నాడు గదా! నేను ప్రతి ఆదివారము కానుక వేశాను. అదే గుడిలో రెండు వరుసల అవతల మా అన్న కూర్చునేవాడు.

ఆ సాయంత్రమే వెళ్ళాను. అన్న చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "నాయన దవాఖాన అప్పు కట్టనీకి అమ్మిన తమ్ముడా. చెప్పకపోవుడు నా తప్పే. నువ్వు అడుగుతవని మూడేండ్లు ఎదురుచూసిన" అన్నాడు. ఒక్క పూటలో అన్నీ చక్కబడలేదు. కొంచెం కొంచెముగా గట్టిపడినాము.

లోతుగా త్రవ్వి బండ మీద పునాది వేసినవానిని ప్రభువు మెచ్చుకున్నాడు. ఆ త్రవ్వకము ఎవరికీ కనబడదు. వరద వచ్చిన దినమున తెలుస్తుంది. నేడు మీ ఇంట చెక్కలు కప్పిన గుంట ఏదైనా ఉన్నదా? పండుగ కోసము దాచవద్దు. తెరువండి.

ప్రార్థన: తండ్రీ, మేము కప్పిపెట్టినదానిని నీ యెదుట తెరుచుటకు ధైర్యమిమ్ము. విడిపోయిన సహోదరులను కలుపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.