మూడు పరమాణువుల సాక్ష్యం

భారమూలకాల సృష్టిలో కష్టమంతా రెండు కేంద్రకాలను కలపడంలోనే ఉందని చాలామంది భావిస్తారు గాని, కలిసి పుట్టినదేమిటో గుర్తించి, ఇతర శాస్త్రజ్ఞులు కాదనలేనంతగా నిరూపించడం అంతకన్నా కష్టమని ఈ సదస్సు గమనించవలసి ఉంది. అందుకు 113వ మూలకమైన నిహోనియమే నిదర్శనం.

పరమాణు సంఖ్య అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే కనుక 113కు లెక్క తేలికే: 83 ప్రోటాన్ల బిస్మత్‌లో 30 ప్రోటాన్ల జింక్ కలవాలి. అయితే రెండూ ధనావేశం గలవి కావడం వల్ల ఒకదాన్నొకటి నెట్టివేస్తాయి. ఆ వికర్షణను అధిగమించడానికి టోక్యో సమీపాన వాకోలోని రికెన్ సంస్థలో కోసుకె మోరితా బృందం జింక్ అయాన్లను, అనగా ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువులను, కాంతివేగంలో దాదాపు పదోవంతు వేగంతో బిస్మత్ పూతపైకి పంపింది. వేగం చాలకపోతే కేంద్రకాలు కలవవు, మితిమీరితే కలిసినది పగిలిపోతుంది. బిస్మత్ 271 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కనుక ఆ పూతను చక్రానికి అమర్చి, తాకిడి ఒకేచోట పడకుండా తిప్పుతూనే ఉండవలసివచ్చింది. సెకనుకు రెండు లక్షల కోట్లకు పైగా అయాన్లు తాకినా, 2003లో మొదలై విడతలుగా సాగిన ఆ ప్రయోగంలో 2004, 2005, 2012 సంవత్సరాల్లో ఒక్కొక్కటి చొప్పున మూడే పరమాణువులు లభించాయి.

అలా పుట్టిన పరమాణువు సెకనులో వెయ్యోవంతు ప్రాంతంలోనే క్షయించిపోతుంది గనుక దాన్ని తూచడానికీ పరీక్షించడానికీ వీలులేదు. మిగిలేది దాని వంశక్రమం ఒక్కటే. హీలియం నింపిన అయస్కాంత సాధనం దాన్ని జింక్ ప్రవాహం నుంచి వేరుచేసి సిలికాన్ శోధకంలోకి చేర్చగా, రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు గల ఆల్ఫా కణాన్ని విడిచిన ప్రతిసారీ అది 111, 109, 107, 105వ మూలకంగా మారుతూ వచ్చింది. ఈ సంకేతాలన్నీ శోధకంలో ఒకేచోట, ఒకదాని వెంట ఒకటి నమోదు కావడమే వాటి బంధుత్వానికి ఆధారం. మొదటి రెండు పరమాణువుల వంశం 105వ మూలకమైన డుబ్నియం దగ్గర దానంతటదే రెండుగా చీలి ఆగిపోవడంతో సాక్ష్యం అసంపూర్ణంగా మిగిలింది. అప్పుడు ఆ బృందం కనబరచిన ఓర్పు నిజంగా శ్లాఘనీయం. సోడియంతో క్యూరియాన్ని ఢీకొట్టించి, 107వ మూలకమైన బోరియాన్ని విడిగా తయారుచేసి, దాని క్షయక్రమాన్ని వారు వేరుగా నిర్ధారించుకొన్నారు. 2012 ఆగస్టు 12న దొరికిన మూడో పరమాణువు ఆరు ఆల్ఫా కణాలను విడిచి, 103 మీదుగా 101వ మూలకమైన మెండెలీవియం దాకా దిగివచ్చింది. అక్కడి నుంచి పైకి లెక్కిస్తే మొదటిది 113 తప్ప వేరొకటి కాజాలదు.

రష్యాలోని డుబ్నా కేంద్రం, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి, 115వ మూలకం క్షయంలో 113ను చూసినట్లు 2004లోనే ప్రకటించినా, ముందే తెలిసిన కేంద్రకాలతో ముడిపడిన సాక్ష్యం రికెన్‌దే కావడం వల్ల 2015 చివర ఆవిష్కరణ గౌరవం దానికే దక్కింది. ఆ తీర్పు న్యాయమైనదే. దీనికి భిన్నంగా, 1908లో జపాన్ రసాయనవేత్త మసతాకా ఒగావా 43వ మూలకమంటూ ప్రకటించిన ‘నిప్పోనియం’ వాస్తవానికి అప్పటికి ఎవరికీ తెలియని 75వ మూలకం రీనియం అని తరువాతి కాలంలో తేలింది. చేతికి చిక్కిన కొత్త మూలకానికి సరైన స్థానాన్ని చూపలేకపోవడం వల్లనే ఆ గౌరవం ఆయనకు దక్కకుండా పోయింది.