స్వగ్రామ క్రీడాపోషణము

 

మన పట్టిసీమ యువకులు రాత్రులు మేల్కొని బార్సిలోనా, మాంచెస్టరు జట్ల ఫుట్‌బాలు పందెములను టెలివిజనులో జూచుచున్నారు. దానిని మేము గర్హింపము. కాశీవిశ్వేశ్వరుని స్మరించుట పుణ్యమే. కాని గోదావరినడుమ కొండమీది వీరేశ్వరునికి దీపము పెట్టవలసినవారము మనమే గదా!

1950 మొదలు 1954 వఱకు హైదరాబాదు పోలీసు జట్టు వరుసగా ఐదుమాఱులు రోవర్సు కప్పు గెలిచెను. దానిని తీర్చిదిద్దిన సయ్యదు అబ్దుల్ రహీముగారు బడిపంతులుగా నుండినవారు; వారి శిక్షణముననే భారతజట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాల్గవ స్థానమందెను. అంతటి యాట మన తెలుగునేలమీదనే పెరిగినది.

మన చప్పట్లు బార్సిలోనాకు వినబడవు. మన యిసుకతిన్నెలపై నాడు బాలురకు వినబడును. కావున పందెమునాడు స్వయముగా రండు. సంఘనిధినుండి బంతులు కొని యిప్పింపుడు. పుచ్చుకొను బాలుడు ఏ కులమువాడని మాత్రము అడుగకుడని మా మనవి. ఆటస్థలమున జట్టే కులము.