స్లాబ్ పోయకముందే పైపులు

నేను మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో ఉంటాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాను. హైదరాబాదులో సైట్లు, తర్వాత గల్ఫ్, అక్కణ్ణించి ఇక్కడికి. ఇప్పుడు కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు, సైట్లో అరవడమే అలవాటు. తప్పులుంటే సర్దుకోండి.

ఈరోజు ఒక గ్రాంటు గురించి చెబుతాను. సూటిగా చెప్పాలంటే, నా మాట విని మా వీధివాళ్ళు అడక్కుండా వదిలేసిన గ్రాంటు గురించి.

2021లో విక్టోరియా ప్రభుత్వం నైబర్‌హుడ్ బ్యాటరీ ఇనిషియేటివ్ అని ఒకటి మొదలుపెట్టింది. పేటకంతటికీ కలిపి ఒక బ్యాటరీ. పగలు ఇళ్ళ మీద సోలార్ ఎక్కువైతే దాచుకుంటుంది, సాయంత్రం అందరూ పొయ్యిలు, ఏసీలు వేసినప్పుడు తిరిగి ఇస్తుంది. ఫిట్జ్‌రాయ్ నార్త్‌లో 2022లో పెట్టిన బ్యాటరీ ఈ డబ్బు సాయంతో వచ్చిందే. అయితే బ్యాటరీ కొనడానికే కాదు, ఒట్టి అధ్యయనానికి, అంటే ప్లానింగ్‌కి కూడా గ్రాంట్లు ఇచ్చారు.

మా వీధి చివర ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంది, ఇక్కడావిడే. ఎనిమిది కుటుంబాలని ఇంటికి పిలిచి, "మనమూ ఆ ప్లానింగ్ గ్రాంటు అడుగుదామా?" అంది. అందులో మనవాళ్ళే ఐదు ఇళ్ళు. అందరూ నా వైపు చూశారు. "అన్నా, నీకు తెలిసిన పని కదా, నువ్వు చెప్పు" అన్నారు.

నేను నవ్వేశాను. "కాగితాలకి డబ్బులేంటండీ? అడిగితే బ్యాటరీయే అడగాలి. లేదంటే ఎవరి ఇంటి మీద వాళ్ళం ప్యానెళ్ళు వేసుకుందాం" అన్నాను. అంతే, మీటింగు అయిపోయింది. ఆవిడ కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది.

తర్వాత ఏం జరిగిందో వినండి. అందరం ఎవరికి వాళ్ళం ప్యానెళ్ళు వేసుకున్నాం. ఈ దేశంలో 40 లక్షలకి పైగా ఇళ్ళ మీద ఉన్నాయి, మనమేం తక్కువ? కానీ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అందరి కరెంటూ ఒకేసారి వీధి లైన్లోకి వెళ్తుంది. వోల్టేజి 253 దాటిందంటే ఇన్వర్టర్ తనంతట తనే ఉత్పత్తి తగ్గించేస్తుంది. మంచి ఎండలో, సరిగ్గా మనకి కావలసినప్పుడు!

ఇక మా ఇంటి సంగతి. పోయినేడాది ఉగాదికి పాతికమంది వచ్చారు. మాది సింగిల్ ఫేజ్, 63 ఆంపియర్ల మెయిన్. కారు ఛార్జరు 32, ఇండక్షన్ పొయ్యి 30, ఏసీ 15. కూడితే 77. బూరెలు సగం వేగాయో లేదో, మెయిన్ పడిపోయింది. మా ఆవిడ చీకట్లో నిలబడి, "సూపర్‌వైజర్ గారూ, ఈ లెక్క ముందు వెయ్యలేదా?" అంది. ఏం చెప్పను?

అన్నిటికన్నా నన్ను పట్టుకున్న మాట మాత్రం వేరేవాళ్ళది. మా నాలుగో ఇంట్లో అద్దెకుండే అమ్మాయి, నర్సు. "అన్నయ్యా, మా కప్పు మాది కాదు, ప్యానెళ్ళు పెట్టలేం. మాకేం దారి లేదా?" అని అడిగింది. దారి ఉండేది. వీధి బ్యాటరీ అనేది అలాంటివాళ్ళని కూడా కలుపుకోవడానికే. అది కుదురుతుందో లేదో చూసే అవకాశాన్నే నేను నవ్వి పోగొట్టాను.

మన సైట్లలో అందరికీ తెలిసిన సంగతే. స్లాబ్ పోయకముందే ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు వెయ్యాలి. మర్చిపోయి పోశామనుకోండి, తర్వాత కాంక్రీటు కొట్టుకుంటూ కూర్చోవాలి, ఖర్చు రెండింతలు. ప్లానింగ్ గ్రాంటు అంటే ఆ పైపుల ఖర్చు. ఏ ఇంట్లో ఎంత లోడు, ఎవరి మెయిన్ బోర్డు పాతది, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మొయ్యగలదు, అద్దెవాళ్ళు ఎందరు, ఏ పని ముందు, ఏది తర్వాత. ఇవి తేలకుండా వచ్చే డబ్బు స్లాబ్ పోసేశాక వచ్చిన పైపులాంటిది.

చేసినవాళ్ళున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో వొలొంగాంగ్‌కి ఉత్తరాన థిరూల్, ఆస్టిన్‌మర్ ఊళ్ళు. అక్కడి పిన్‌కోడు 2515. ఊరివాళ్ళే ముందు కూడి, ఇంటింటికీ మాట్లాడి, 'ఎలక్ట్రిఫై 2515' అని మొదలుపెట్టారు. రివైరింగ్ ఆస్ట్రేలియా సంస్థ, బ్రైట్, ఎండెవర్ ఎనర్జీ కలిశాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అరీనా 54 లక్షల డాలర్లు ఇచ్చింది. 500 ఇళ్ళలో గ్యాసు సామాన్ల బదులు కరెంటువి పెట్టి, వీధి లైను ఎలా తట్టుకుంటుందో కొలవడం పని. డబ్బు వచ్చాక ఊరు కూడలేదు, ఊరు కూడాకే డబ్బు వచ్చింది.

మన దగ్గర కూడా ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ముందు ఇంటింటి సర్వే చేశారు. అనువుగా లేని మట్టి ఇళ్ళని పక్కన పెట్టి, 514 ఇళ్ళలో 480 ఇళ్ళ మీద మూడేసి కిలోవాట్లు పెట్టారు. ఏ కప్పు బరువు ఆపుతుందో ముందే చూడాలి కదా. అదీ ప్లానింగే.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, టైము దగ్గర పడుతోంది. విక్టోరియాలో 2027 మార్చి 1 నుంచి గ్యాసు గీజరు పాడైపోతే దాని బదులు కరెంటుదే పెట్టాలి. గీజరు ముందు చెప్పి పాడవదు. చలికాలంలో, పిల్లలు స్నానానికి నిలబడ్డప్పుడే పోతుంది. ఆ రోజు కంగారులో ఎవడు ఏది అమ్మితే అది కొంటాం.

పోయిన నెల ఆ టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. "ఆరోజు నేను తప్పు మాట్లాడాను" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, టీ పెట్టింది. తర్వాత సొరుగులోంచి అవే కాగితాలు తీసింది. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం ఒక నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాం. పదకొండు ఇళ్ళు అయ్యాయి. నర్సు అమ్మాయిది మొదటి పేజీ.

మీకు ఒకటే పని చెబుతాను. ఈ ఎపిసోడ్ అయ్యాక మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళండి. ఏదీ విప్పొద్దు, అది లైసెన్సున్నవాళ్ళ పని. మెయిన్ మీద ఎన్ని ఆంపియర్లుందో చూసి రాసుకోండి. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? గీజరు ఏ ఏడాదిది? పక్కింటివాళ్ళనీ అడగండి. ఈసారి గ్రాంటు తలుపు తెరిచేసరికి మీ వీధి లెక్క మీ చేతిలో ఉండాలి. ఎవరైనా "కాగితాలకి డబ్బులేంటి?" అని నవ్వితే, మా ఉగాది కథ చెప్పండి.

ఉంటానండీ.